యాదమ్మ రెండు గంటలు

ఇన్నేళ్లుగా నా లోపల ఒక మాట కూర్చుని ఉంది. పెద్ద మాటేమీ కాదు. "నేనే సార్." అంతే. పలకడానికి ఎంతసేపు పడుతుంది? ఆ రెండు ముక్కలు పలకలేక ఒక మనిషి చదువు పోగొట్టాను. ఆ పైన ఆమె రాసుకున్నది నాదని చెప్పుకుని, దాని మీదే ఇప్పటిదాకా అన్నం తింటున్నాను. నా పేరు మీకు చెప్పను. పేరు లేని ఒప్పుకోలు సగం ఒప్పుకోలు మాత్రమేనని తెలుసు. మిగతా సగానికి ధైర్యం చాల్లేదు. అంత ధైర్యమే ఉంటే ఇది రాయాల్సిన పనే ఉండేది కాదు.

మాది మర్రిగూడ దిక్కు. ఫ్లోరైడ్ ఉన్న మా నీళ్లు తాగి పెరిగినవాళ్లు నోరు తెరిస్తే చాలు, ఏ ఊరని ఎవరూ అడగరు. పళ్ల మీద పసుపు గార, మధ్యలో మట్టి రంగు చారలు. నవ్వొస్తే చెయ్యి అడ్డం పెట్టుకోవడం, జవాబు తెలిసినా తల దించుకోవడం చిన్నప్పుడే అలవాటైంది. పాలమూరు దిక్కున్న ఒక కాలేజీలో మూడేళ్ల కంప్యూటర్ డిప్లొమాకు చేరేసరికి నేను నోట్లో నాలుక లేని పిల్లనని పేరు తెచ్చుకున్నాను. ఇది ముందే ఎందుకు చెబుతున్నానంటే, తర్వాత ఎన్నోసార్లు దీన్నే సాకుగా వాడుకున్నాను. నా మీద జాలిపడే తొందరలో ఉంటే మీకూ ఈ సాకే దొరుకుతుంది. వద్దు. ఆ రోజు నా నోరు మూయించింది పళ్లు కాదు.

నా గదిలో రెండో మంచం యాదమ్మది. పోచంపల్లి పిల్ల. ఇంట్లో రెండు మగ్గాలు. అక్కడి చీర నేయాలంటే ముందు ఆసు పోయాలి. చట్రానికి ఒక కొసన ఒక మేకు, ఎదురుగా వంపు తిరిగిన కర్ర మీద వరసగా మేకులు. నూలుపోగును ఇటు నుంచి అటు, అటు నుంచి ఇటు చేత్తో తిప్పుతూ పోవాలి. ఒక్క చీరకు ఆ చెయ్యి కొన్ని వేలసార్లు పోయి వస్తుంది. అది ఇంట్లో ఆడవాళ్ల పని. యాదమ్మ వాళ్లమ్మకు ఆ తిప్పుడుతోనే కుడి భుజం పడిపోయింది. ఆమె తర్వాత ఆ చట్రం ముందు కూర్చోవాల్సింది యాదమ్మే. మూడేళ్లు చదువుతాను, అది పూర్తయ్యాక నౌకరీ దొరికితే నౌకరీ, లేకపోతే ఆసు అని తండ్రి దగ్గర మాట తీసుకుని వచ్చింది. నాలుగో ఏడు అనేది ఆ మాటలో లేదు. ఈ సంగతి నాకు మొదటి ఏడాదే తెలుసు. తెలియక చేశానని చెప్పుకునే వీలు కూడా నాకు లేదు.

ఆఖరి ఏడు ప్రాజెక్టుగా మా అందరికీ ఒకటే ఇచ్చారు. యూనిక్స్‌లో ఉండే షెల్ లాంటిది చిన్నది ఒకటి ఎవరికి వాళ్లు రాయాలి. షెల్ అంటే, మనం టైపు చేసిన మాట అందుకుని యంత్రం చేత పని చేయించే ప్రోగ్రాం. పని అది తనంతట తాను చెయ్యదు. అచ్చం తనలాంటి పిల్లను ఒకదాన్ని పుట్టిస్తుంది. ఆ పిల్ల పోయి చెప్పిన పని చేసి చచ్చిపోతుంది. తల్లి అంతదాకా ఆగి, ఇంకేం కావాలని మళ్లీ మనల్ని అడుగుతుంది. మరి చెప్పిన పని లోకంలోనే లేనిదైతే? పిల్లకు చెయ్యడానికి ఏమీ ఉండదు. అప్పుడు దాన్ని చచ్చిపొమ్మని మనమే ఒక వాక్యం రాయాలి. రాయకపోతే అది తానే తల్లిననుకుని కూర్చుంటుంది. తనూ పిల్లల్ని పుట్టిస్తుంది.

ఒక్క వాక్యం.

కాలేజీ మొత్తానికి యూనిక్స్ నడిచే యంత్రం ఒకటే, దానికి ఎనిమిది టెర్మినల్స్, అంటే ఎనిమిది తెరలూ కీబోర్డులూ. మనిషికి వారానికి రెండు గంటలు. ఎవరి లాగిన్ వాళ్లదే, పాస్‌వర్డ్ ఇంకొకరికి ఇస్తే పరీక్ష బంద్ అని గోడకు కాగితం అంటించి ఉండేది. ఆ కాగితం కిందే నిలబడి పాస్‌వర్డ్లు ఇచ్చిపుచ్చుకునేవాళ్లం. నేను నేరుగా టైపు చేసి, తప్పొస్తే దిద్ది, మళ్లీ తప్పొస్తే మళ్లీ దిద్దే రకం. నా గంటలు ఎప్పుడూ ముందే అయిపోయేవి. యాదమ్మ అట్లా కాదు. వాళ్ల నాయిన చీరల డిజైన్లు గీసుకునే గళ్ల పుస్తకం ఒకటి తెచ్చుకుంది. గడికి ఒక అక్షరం చొప్పున ప్రోగ్రామంతా పెన్సిల్‌తో అందులో రాసింది. మంచం మీద కూర్చుని, గళ్ల మీద వేలు పెట్టి, యంత్రం ఎట్లా పోతుందో అట్లా పోతూ తనలో తాను చదువుకునేది. రంగు పడ్డ తర్వాత పోగును విప్పలేం, కాయితం మీదనే చూసుకోవాలె అనేది. నేను లోలోపల నవ్వుకునేదాన్ని. ఇది మగ్గం కాదే పిచ్చిదానా అనుకునేదాన్ని.

ఒకసారి నా ప్రోగ్రాం అచ్చు కాగితం తీసి చూసి, సరిగ్గా ఆ చోటు మీద వేలు పెట్టింది. "లేని పనికి పోయిన పిల్ల ఏమైతది? చావమని చెప్పలే నువ్వు." తర్వాత పెడతానన్నాను. పెట్టలేదు. మరిచిపోయానా, ఆమె చెప్పిందని పెట్టలేదా? నన్ను నేను ఎన్నిసార్లు అడిగానో. మరిచిపోయాననే అనుకోవాలని ఉంది.

వాళ్లమ్మకు భుజం మరీ ఎక్కువైందని, ఇవ్వాల్సిన చీరలు ఆగిపోయాయని కబురొస్తే యాదమ్మ మూడు రోజులకని ఊరికి పోయింది. పోతూ పోతూ పాస్‌వర్డ్ చెప్పి, "నాది కాయితం మీద అయిపోయింది, వచ్చినంక ఒక్క దినంల టైపు చేస్కుంట. నా రెండు గంటలు గూడ నువ్వే వాడుకోవే" అంది.

మర్నాడు పొద్దున పదకొండింటికి ఆమె లాగిన్ మీద కూర్చున్నాను. నా షెల్‌లో నాకు బాగా నచ్చింది ఒకటుంది. లేని పని చెబితే అది మర్యాదగా ఒక మాట అనేది, అట్లాంటి ఆజ్ఞ నాకు తెలియదు అని. దాన్ని చూసుకుని మురిసిపోవాలని ఇరవై లేని పనులు ఒక ఫైలులో రాసి పెట్టాను. ఇంకో గొప్ప కూడా కలిపాను. తల్లి ఆగకుండా, ఒక పిల్ల పని చేస్తుండగానే ఇంకో పిల్లను పంపే ఏర్పాటు. దాన్ని నడిపాను. మాట ఒకసారి వచ్చింది. తర్వాత రెండుసార్లు. తర్వాత నాలుగు. ఆ తర్వాత లెక్కపెట్టే వీలు లేకుండా తెర నిండిపోయింది. చావని పిల్లలన్నీ తల్లులై పిల్లల్ని పుట్టిస్తున్నాయి. నాకు అర్థమైంది. అప్పటికప్పుడే, పూర్తిగా అర్థమైంది.

నేనేం చేశానో తెలుసా? లేచి పోయి కిటికీ దగ్గర నిలబడ్డాను. ఎవరి తెర మీద వాళ్లున్నారు, నేను ఎవరి లాగిన్ మీద కూర్చున్నానో ఎవరూ చూడలేదు.

ఒక్కొక్కరే "నాది ఆగింది", "నాది గూడ" అంటూ లేచారు. ల్యాబ్ సారు వచ్చి పెద్ద తెర ముందు కూర్చున్నాడు. అక్కడ వరసగా యాదమ్మ లాగిన్ నంబరే కిందికి పారుతోంది. ఆపాలని చూశాడు. ఆపడానికి కూడా యంత్రంలో జాగా మిగల్లేదు. కంగారులో మెయిన్ స్విచ్ కట్టేశాడు. మళ్లీ వేస్తే యంత్రం లేచింది గాని లోపల డిస్కు పాడైంది. క్లాసులో అందరి ప్రోగ్రాములూ పోయాయి. నాది కూడా. టేపు మీద దాచిన నకలు ఎప్పటిదో పాతది. ఒకరిద్దరు అక్కడే కూర్చుని ఏడ్చారు. వాళ్లతోపాటు నేనూ ఏడ్చాను. దొంగ ఏడుపు కాదు, నిజంగానే ఏడుపొచ్చింది. అది తలుచుకుంటే ఇప్పుడు ఇంకా రోత పుడుతుంది.

యాదమ్మ ఊరి నుంచి వచ్చీ రాగానే పిలిపించారు. క్లాసంతా ఉంది. నేను ఊళ్లోనే లేను సార్ అంది. "మరి పాస్‌వర్డ్ ఎవరికిచ్చినవ్? పేరు చెప్పు, నిన్ను ఇడిచిపెడ్త" అన్నాడు సారు. యాదమ్మ మాట్లాడలేదు. మళ్లీ అడిగాడు. మాట్లాడలేదు. నా వైపు చూస్తుందేమోనని నేను తేలు కుట్టిన దొంగలా తల దించుకుని కూర్చున్నాను. చూడలేదట. పక్కనున్న పిల్ల తర్వాత చెప్పింది, గోడ మీది కాగితం చూస్తూ నిలబడిందని. వెనక నుంచి ఎవరో తిట్టారు. వాళ్ల కష్టమంతా మట్టి కొట్టుకుపోయింది, తిట్టరా మరి? ఆ తిట్లు నావి. ఆమె పడింది. సారు ఈ ఏడు పరీక్షకు యాదమ్మ పేరు పంపనన్నాడు. వచ్చే ఏడు రమ్మన్నాడు.

తెల్లారి ఆమె పెట్టె పట్టుకుని బస్టాండు దాకా నేనే పోయాను. మోయనిచ్చింది. అదెందుకు మోయనిచ్చిందో కూడా నాకు తెలియదు. హైదరాబాద్ బస్సు ఇంకా రాలేదు. పెట్టె మధ్యలో పెట్టుకుని చెరోపక్క నిలబడ్డాం.

"నా పేరెందుకు చెప్పలేదే?" అన్నాను.

"నేను చెప్పుడెందుకు? నువ్వే చెప్తవనుకున్న."

నేను బస్సొచ్చే దిక్కు చూశాను.

"పిల్ల చావలేదు గదా?" అంది. కోపంగా కాదు. లెక్క తప్పిన చోటు అడిగినట్టే అడిగింది.

తల ఊపాను.

"నాయినకు ఇంకా ఏం చెప్పలే. ఒక ఏడు పోయిందంటే మళ్ల పంపడు. అమ్మ చెయ్యి లేస్తనే లేదు." చున్నీ కొస వేలికి చుట్టుకుంది. "సోమవారం పరీక్షకు పేర్లు పోతయట. గప్పటిదాంక టైమున్నది. జర జల్ది చెప్పవే."

"చెప్త. రేపే చెప్త."

"ఒట్టు?"

"ఒట్టే."

బస్సు వచ్చింది. ఎక్కబోతూ సంచిలోంచి గళ్ల పుస్తకం తీసి నా చేతికిచ్చింది. "గిది ఇంటికాడ ఏం జేస్కుంట? నీ దగ్గర్నే ఉంచు. నా పేరు గూడ పంపుతరని తెలిస్తే వస్త, వచ్చి టైపు చేస్కుంట." బస్సు కదిలాక కూడా కిటికీలోంచి చెయ్యి ఊపింది. నన్ను నమ్మింది చూడండి. నమ్మి పోయింది.

తెల్లారి శనివారం. సారు గది ముందు చాలాసేపు నిలబడ్డాను. చెబితే నా పరీక్ష పోతుంది. ఒక ఏడే కదా? మా నాయిన బడిపంతులు, నాలుగు తిట్టినా మళ్లీ పంపుతాడు. నాకు పోయేది ఒక ఏడు. ఆమెకు పోయేది మొత్తం. ఇంత తేలిక లెక్క ఇంకోటి ఉండదు. లోపలికి పోయాను. ఆయన రిజిస్టరు రాసుకుంటూ తలెత్తకుండానే "ఏంది?" అన్నాడు. నోరు తెరిచాను. చెయ్యి అలవాటుగా నోటికి అడ్డం పోయింది. "సార్, నాది మొత్తం పోయింది సార్... టైం..." అన్నాను.

ఆ మాట ఎక్కడి నుంచి వచ్చింది? నేను అడగడానికి పోలేదు. ప్రమాణం చేసి చెప్పగలను, ఒప్పుకోవడానికే పోయాను. మరి నా నోట్లోంచి ఆ మాట వచ్చిందంటే, గుమ్మం దాటే ముందే నాలో ఎవరో నిర్ణయించేసుకున్నారన్నమాట. ఆ ఎవరో నేనే కదా, ఇంకెవరు?

ఆయనకు జాలి కలిగింది. "నువ్వు నోరు తెరిచి అడుగుడే గొప్ప" అన్నాడు. రిజిస్టరు తిప్పి, ఒక వరస మీద గీత కొట్టి, నా పేరు రాశాడు. "యాదమ్మ గంటలు ఖాళీగనే ఉన్నయ్ గదా. అవి నువ్వు తీస్కో."

తీసుకున్నాను. దండం పెట్టి మరీ బయటికి వచ్చాను. సోమవారం పేర్లు పోయాయి.

ఇంకా ఉంది. ఇక్కడితో ఆగి ఉంటే పిరికిదాన్నని చెప్పుకుని సరిపెట్టుకునేదాన్ని. నా ప్రోగ్రాం మళ్లీ రాయడానికి కూర్చుంటే చేతకాలేదు. ఎక్కడ మొదలుపెట్టినా ఆ తెర నిండిపోవడమే కళ్లముందుకొచ్చేది. రెండు వారాలు అట్లా గడిచాయి. మూడో వారం గళ్ల పుస్తకం తెరిచాను. ఊరికే చూద్దామనే తెరిచాను. ఆమె ప్రోగ్రాంలో, లేని పనికి పోయిన పిల్ల దగ్గర, పక్క గళ్లలో తెలుగులో చిన్నగా రాసి ఉంది: "ఈడ పిల్ల చావాలె. మరువొద్దు." అది ఆమె తనకోసం రాసుకుందా, నాకోసం రాసిందా? ఆ పేజీ ముందు ఎంతసేపు కూర్చున్నానో తెలియదు. లేచి పోయి, ఆమె గంటల్లో, ఆమె ప్రోగ్రాంను గడి గడీ చూసుకుంటూ టైపు చేశాను. ఆ తెలుగు మాట ఒక్కటే వదిలేశాను.

మొదటిసారికే నడిచింది. నా బతుకులో అట్లా మొదటిసారికే నడిచిన ప్రోగ్రాం అంతకు ముందూ చూడలేదు, ఆ తర్వాతా చూడలేదు.

పరీక్షకు బయటి నుంచి వచ్చిన పెద్దాయన సరిగ్గా అదే చోట వేలు పెట్టాడు. ఈ వాక్యం ఎందుకు రాశావమ్మా, ఇది లేకపోతే ఏమవుతుంది అన్నాడు. ఏమవుతుందో నాకన్నా బాగా చెప్పగలిగేవాళ్లు ఆ గదిలో ఎవరున్నారు? ఒకటి, రెండు, నాలుగు అని చెప్పుకుంటూ పోయాను. యంత్రం ఎట్లా బిగుసుకుపోతుందో, ఆపేవాడికి కూడా జాగా ఎట్లా మిగలదో కళ్లకు కట్టినట్టు చెప్పాను. చెయ్యి అడ్డం పెట్టుకోలేదు. ఆయన సంతోషపడి పక్కనున్న మా సారుతో, ఈ పిల్లకు లోపలి సంగతి తెలుసండీ అన్నాడు. క్లాసు మొత్తంలో నాకే ఎక్కువ మార్కులు. ఆ మార్కుల కాగితం చూసే నాకు చౌటుప్పల్ దిక్కున ఒక ప్రైవేటు కాలేజీలో ఉద్యోగం ఇచ్చారు. అక్కడ ఏం చెబుతానో మీరు ఊహించే ఉంటారు. ఏటా పిల్లలకు షెల్ పాఠం నేనే చెబుతాను. ఆ వాక్యం దగ్గరికి వచ్చేసరికి బోర్డు వైపు తిరిగిపోతాను.

ఉద్యోగంలో చేరిన రెండేళ్లకు పోచంపల్లి పోయాను. చెప్పేద్దామనే పోయాను. అప్పుడూ అట్లాగే అనుకున్నాను, మీకు నమ్మకం లేకపోతే తప్పు లేదు. వాళ్లమ్మ గుమ్మంలోనే గుర్తుపట్టింది. "మా యాదమ్మ దోస్తువు గాదే నువ్వు? లోపటికి రా బిడ్డా" అని ఎడమచేత్తో నీళ్లు తెచ్చి ఇచ్చింది. యాదమ్మ చట్రం ముందు కూర్చుని ఉంది. నన్ను చూసి నవ్వింది గాని చెయ్యి ఆపలేదు. పోగు మధ్యలో ఆపితే లెక్క తప్పుతుంది. ఆ చెయ్యి పోతోంది, వస్తోంది. నేను దాన్నే చూస్తూ కూర్చున్నాను. నా ఉద్యోగం గురించి అడిగింది. జీతం అడిగింది. మంచిదే తియ్ అంది. ఆ శనివారం గురించి ఒక్క మాట అడగలేదు. అడిగితే చెప్పేద్దును. అడగకపోతే చెప్పకూడదని ఎవరన్నారు?

పోగు ఒక వరస అయ్యాక చెయ్యి ఆపి, భుజం నొక్కుకుంటూ అడిగింది. "నా గళ్ల పుస్తకం నీ దగ్గర్నే ఉండె గదా. ఎవలన్న నడిపి చూసిన్రా? నడిచిందా?"

ఆమె కళ్లలో నాకు కనిపించింది ఆశ. తన షెల్ నడవడం ఆమె ఎన్నడూ చూడలేదు. నడిచిందని చెబితే, ఎవరు నడిపారని అడుగుతుంది. ఎప్పుడని అడుగుతుంది. ఏ పేరు మీద అని అడుగుతుంది.

"తెల్వదే" అన్నాను. "యాడనో పోయింది ఆ పుస్తకం."

"పోనీ తియ్" అంది. మళ్లీ పోగు అందుకుంది. "నడ్వకపోవచ్చు. ఒక్క కాడ నాకే అనుమానముండె."

ఆ మాట తర్వాత నీళ్ల గ్లాసు కింద పెట్టి లేచాను. చదువు తీసుకున్నాను, గంటలు తీసుకున్నాను, రాసుకున్నది తీసుకున్నాను. ఆఖరికి, తాను రాసింది తప్పు కాదు, సరిగ్గానే ఉందని తనలో తాను అనుకునే పాటి సంతోషం కూడా ఆమెకు మిగల్చలేదు. ఆ చట్రం ముందు కూర్చుని, చెయ్యి తిప్పుకుంటూ, ఏ గడిలో తప్పు రాశానో అని ఆమె ఇప్పటికీ వెతుక్కుంటూ ఉంటుందా? ఉండదులే, ఎప్పుడో మరిచిపోయి ఉంటుంది అనుకుంటాను. అనుకున్నంత మాత్రాన నిద్ర పట్టదు.

మళ్లీ పోలేదు. పోయే ధైర్యం వస్తుందని చెప్పను. ఒట్టు పెట్టి తప్పినదాని మాటకు ఏం విలువ? క్షమించమని మిమ్మల్ని అడగను. అది మీ చేతిలోది కాదు. ఆమె చేతిలోదైనా ఆమెను అడిగే మొహం నాకు లేదు. గళ్ల పుస్తకం ఎక్కడికీ పోలేదు. నా ట్రంకు పెట్టె అడుగున ఉంది. ఇది రాసేముందు తీసి చూశాను. పెన్సిల్ రాత కొంచెం చెరిగింది గాని చదవడానికి వస్తోంది. ఇంతవరకు రాశాక ఊపిరి కాస్త ఆడినట్టుంది. అంతకుమించి ఏమీ మారలేదు.

యంత్రాన్ని పాడుచేసింది నేనే సార్. యాదమ్మ రాసిన షెల్ మొదటిసారికే నడిచింది. అనుమానమున్న కాడ గూడ నడిచింది యాదమ్మా. ఒక్క గడి దిద్దలేదు.